శిక్షణ కాలానికి పూచీ ఎవరిది? – అరుణారెడ్డి జిమ్నాస్టిక్స్ ప్రస్థానం, బల్గేరియా అనుభవం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో భారతదేశానికి తొలి పతకం తెచ్చిన క్రీడాకారిణి హైదరాబాదుకు చెందిన బుద్దా అరుణారెడ్డి. ఈ వ్యాసం ఆమె క్రీడాజీవితాన్ని విజయగాథగా కాక ఒక ప్రశ్న ద్వారా పరిశీలిస్తుంది. బాల్యంలోనే మొదలై పదేళ్లకు పైగా సాగే జిమ్నాస్టిక్స్ శిక్షణకు పూచీ వహించిన వ్యవస్థ ఏది అన్నదే ఆ ప్రశ్న. పోలిక కోసం రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో బల్గేరియా చరిత్రను, ముఖ్యంగా మరియా పెత్రోవా ప్రస్థానాన్ని స్వీకరిస్తుంది. తెలుగునాట దొమ్మరుల విన్యాస సంప్రదాయాన్ని పూర్వరంగంగా గుర్తిస్తుంది. ఈ చరిత్ర పెద్దపల్లి జిల్లా బొగ్గుగనుల ప్రాంతానికి ఏ విధంగా వర్తిస్తుందో చివరగా చర్చిస్తుంది.

కీలక పదాలు: జిమ్నాస్టిక్స్, అరుణారెడ్డి, బల్గేరియా, మరియా పెత్రోవా, దొమ్మరాట, క్రీడా పాఠశాలలు, సింగరేణి, పెద్దపల్లి.

1. ఉపోద్ఘాతం

2018 ఫిబ్రవరి 24న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో జరిగిన జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్ పోటీలో మహిళల వాల్ట్ విభాగంలో అరుణారెడ్డి కాంస్య పతకం గెలుచుకున్నారు. స్లొవేనియాకు చెందిన త్యాషా కిసెలెఫ్ 13.800 పాయింట్లతో స్వర్ణం, ఆతిథ్య దేశానికి చెందిన ఎమిలీ వైట్‌హెడ్ 13.699 పాయింట్లతో రజతం పొందారు. అరుణ సాధించినవి 13.649 పాయింట్లు. రజతానికీ ఆమెకూ మధ్య తేడా 0.050 మాత్రమే.

వాల్ట్ విన్యాసం కొన్ని క్షణాల్లో ముగుస్తుంది. క్రీడాకారిణి గరిష్ఠంగా 25 మీటర్ల దారిలో పరుగెత్తుకుంటూ వచ్చి, స్ప్రింగ్‌బోర్డు మీద కాలు మోపి, 125 సెంటీమీటర్ల ఎత్తున్న బల్లను చేతులతో తాకి, గాలిలో మలుపులు తిరిగి, నిలకడగా నేల మీద నిలవాలి. ఈ కొద్ది క్షణాల వెనుక పదిహేనేళ్ల సాధన ఉంటుంది. ఆ సాధన ఆరంభమయ్యే వయసు ఐదారేళ్లు. ఆ వయసులో బిడ్డ తన దారి తాను ఎంచుకోలేదు, తన ఖర్చు తాను భరించలేదు, ప్రమాదాన్ని అంచనా వేసుకోలేదు. కనుక జిమ్నాస్ట్ జీవితచరిత్రలో మొదటి అధ్యాయం ఎప్పుడూ మరొకరి నిర్ణయంతోనే మొదలవుతుంది. ఆ నిర్ణయం తీసుకున్నది కుటుంబమా, కులవృత్తా, రాజ్యమా అన్నదాన్ని బట్టి ఆ జీవితం నడిచే తీరు మారుతుంది.

పత్రికల్లో వచ్చే క్రీడాకారుల పరిచయాలు సాధారణంగా పతకం దగ్గర మొదలై, వెనక్కి వెళ్లి కష్టాలను ఏకరువు పెడతాయి. ఆ పద్ధతిలో కష్టం వ్యక్తి గుణంగా కనిపిస్తుందే తప్ప వ్యవస్థ లక్షణంగా కనిపించదు. ఈ వ్యాసం శిక్షణ కాలాన్నే కేంద్రంగా తీసుకుంటుంది. పరిశీలనకు మూడు ప్రాంతాలను ఎంచుకుంటుంది. రాజ్యమే పూచీ వహించిన బల్గేరియా ఒకటి, కుటుంబం పూచీ వహించిన హైదరాబాదు మరొకటి. హైదరాబాదుకు 200 కిలోమీటర్లకు పైగా దూరంలో, ప్రభుత్వరంగ బొగ్గు సంస్థ నీడలో పెరిగిన పెద్దపల్లి జిల్లా రామగుండం–గోదావరిఖని ప్రాంతం మూడవది.

2. తెలుగునాట పూర్వరంగం: దొమ్మరాట

జిమ్నాస్టిక్స్ అన్న పదం తెలుగువారికి కొత్తది గానీ, బాలికల శరీరాన్ని చిన్ననాటి నుంచే విన్యాసానికి సిద్ధం చేసే పద్ధతి కొత్తది కాదు. ఊరి నడుమ గడ పాతి, తాడు కట్టి, డోలు దెబ్బల మధ్య దొమ్మరులు ప్రదర్శించే ఆటలో గడ కొసన నిలిచేదీ, తాడు మీద నడిచేదీ చాలా సందర్భాల్లో స్త్రీలు, పిల్లలే. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో దొమ్మరుల గురించి ప్రత్యేకంగా రాయడం ఈ సంప్రదాయం ఎంత ప్రచారంలో ఉండేదో తెలుపుతుంది.

శిక్షణ దృష్టితో చూస్తే దొమ్మరాటలో మూడు అంశాలు గమనించదగినవి. మొదటిది, సాధన పసితనంలోనే మొదలవుతుంది. రెండవది, తల్లిదండ్రులే గురువులు, కుటుంబమే బడి. మూడవది, నైపుణ్యం జీవనోపాధితో నేరుగా ముడిపడి ఉంటుంది. అయితే ఈ కళకు గౌరవం దక్కలేదు. ఊరూరా తిరిగే సమూహాలను అనుమానంతో చూసిన వలస ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. ఆ చట్టం 1911 తర్వాత మద్రాసు రాజధానికి కూడా విస్తరించింది. దాని నీడ పడిన సంచార సమూహాల్లో దొమ్మరులూ ఉన్నారు. 1952లో చట్టం రద్దయినా, ఆ జాతి స్త్రీల మీద సమాజం వేసిన నింద అంత త్వరగా చెరగలేదు. బహిరంగ స్థలంలో స్త్రీ తన శరీర నైపుణ్యాన్ని ప్రదర్శించడం కులహీనతకు గుర్తుగా మారింది.

అందువల్ల ఆధునిక జిమ్నాస్టిక్స్ తెలుగునాటికి వచ్చినప్పుడు అది దొమ్మరాటకు కొనసాగింపుగా రాలేదు. నగరాల్లోని స్టేడియాలు, క్రీడాసంఘాల ద్వారా, పూర్తిగా వేరే సామాజిక వర్గాల పిల్లల మధ్య అడుగుపెట్టింది. తరతరాల అనుభవం ఉన్న సమూహానికీ, కొత్త క్రీడకూ మధ్య వంతెన పడలేదు. అనుభవం ఒకచోట, వసతి మరొకచోట నిలిచిపోయాయి. ఈ విభజన తెలుగు ప్రాంతపు క్రీడాచరిత్రలో ఇంకా తగినంత పరిశోధన జరగని అంశం.

3. బల్గేరియా: రాజ్యం వహించిన పూచీ

జనసంఖ్యలో చిన్నదేశమైన బల్గేరియా రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో సాధించిన స్థానం క్రీడాచరిత్రలో అరుదైనది. సంగీతానికి అనుగుణంగా తాడు, చక్రం, బంతి, గదలు, రిబ్బన్ వంటి పరికరాలతో చేసే ఈ క్రీడకు తొలి ప్రపంచ పోటీ 1963లో బుడాపెస్ట్‌లో జరిగింది. 1969లో బల్గేరియాలోనే, వర్నా నగరంలో జరిగిన పోటీలో మరియా గిగోవా ప్రపంచ విజేత అయ్యారు. 1971, 1973లలో కూడా ఆమె ఆ స్థానాన్ని నిలబెట్టుకున్నారు. తొలితరం శిక్షకురాలు జులియెటా షిష్మనోవా ఈ పునాది వేసినవారిలో ముఖ్యులు. 1978 మార్చి 16న జరిగిన విమాన ప్రమాదంలో 73 మంది మరణించారు. వారిలో ఆమెతోపాటు పలువురు యువ జిమ్నాస్టులు ఉన్నారు.

ఒక తరం శిక్షకురాలినీ క్రీడాకారిణులనూ ఒక్కరోజులో కోల్పోయిన దేశం, నాలుగేళ్లు తిరగకుండానే మళ్లీ శిఖరానికి చేరింది. 1981, 1983, 1985, 1987లలో జరిగిన నాలుగు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలోనూ వ్యక్తిగత ఆల్‌రౌండ్ స్వర్ణం బల్గేరియాకే దక్కింది. నేష్కా రోబేవా శిక్షణలో వెలుగుచూసిన ఈ తరాన్ని ఆ దేశం 'బంగారు బాలికలు' అని పిలుచుకుంది. 1987లో వర్నాలో బియాంకా పనోవా తన విన్యాసాలన్నిటిలోనూ పూర్తి 10 మార్కులు పొందారు. ఈ వేగానికి వ్యక్తుల ప్రతిభ ఒక్కటే కారణం కాదు. ఒకరు పోతే మరొకరు సిద్ధంగా ఉండేలా పసిపిల్లల స్థాయి నుంచి శిక్షణ పొందే వరుస ఉండడమే ప్రధాన కారణం. సోషలిస్టు పాలనలో పెద్ద క్రీడాక్లబ్బులు మంత్రిత్వశాఖలకు అనుబంధంగా నడిచేవి. శిక్షకుల జీతం, హాలు, పరికరాలు, ప్రయాణాల భారం బిడ్డ కుటుంబం మీద పడేది కాదు.

ఈ వ్యవస్థ బలాన్ని తూచడానికి దాని పతనం తర్వాతి కాలమే సరైన కొలబద్ద. 1989 నవంబరులో బల్గేరియాలో పాత పాలన కూలింది. అప్పటికి ప్లోవ్‌దివ్ నగరానికి చెందిన మరియా పెత్రోవా వయసు 14 ఏళ్లు. ఆమె 1992 బార్సెలోనా ఒలింపిక్స్‌లో 5వ స్థానంలో నిలిచారు. 1993లో అలికాంటె, 1994లో పారిస్, 1995లో వియన్నా ప్రపంచ పోటీల్లో వరుసగా ఆల్‌రౌండ్ స్వర్ణాలు గెలిచారు. వియన్నా స్వర్ణాన్ని ఆమె ఉక్రెయిన్ క్రీడాకారిణి ఎకతెరీనా సెరెబ్రియాన్‌స్కాయాతో పంచుకున్నారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మళ్లీ 5వ స్థానమే దక్కింది.

పెత్రోవా విజయాలన్నీ రాజ్యవ్యవస్థ కూలిన తర్వాతివే. అయినా ఆమె శరీరంలో, సాధనలో ఉన్నది 1980లలో జరిగిన మదుపు. పిల్లల శిక్షణలో పెట్టిన పెట్టుబడి పదేళ్ల తర్వాత ఫలిస్తుంది. దాన్ని ఆపితే కలిగే నష్టం కూడా పదేళ్ల తర్వాతే బయటపడుతుంది. పెత్రోవా తర్వాత మరో బల్గేరియన్ క్రీడాకారిణి ప్రపంచ వ్యక్తిగత ఆల్‌రౌండ్ స్వర్ణం గెలవలేదు. బృంద విభాగంలో దేశం నిలదొక్కుకుని, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్వర్ణం సాధించింది. వ్యక్తిగత విభాగంలో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బొర్యానా కలెయిన్ రజతం గెలిచారు.

అయితే రాజ్యం పూచీ వహించినప్పుడు బిడ్డ శరీరం మీద అధికారం కూడా రాజ్యానిదే అవుతుంది. బరువు నియంత్రణ, సుదీర్ఘ సాధన గంటలు, శిక్షకుల కాఠిన్యం గురించి ఆ దేశంలో తర్వాతి కాలంలో తీవ్రమైన విమర్శలు వచ్చాయి. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు జాతీయ బృందం నుంచి తప్పించిన ఒక యువ క్రీడాకారిణి ప్రాణం తీసుకోబోయిన ఘటన ఆ దేశాన్ని కలచివేసింది. రియోలో గెలిచిన కాంస్యాన్ని బృందం ఆమెకే అంకితం చేసింది. కనుక బల్గేరియా అనుభవాన్ని అనుకరించాల్సిన నమూనాగా కాక, లాభనష్టాలు రెండూ స్పష్టంగా కనిపించే చారిత్రక ఉదాహరణగా చూడడం సమంజసం.

4. అరుణారెడ్డి: కుటుంబం వహించిన పూచీ

అరుణారెడ్డి 1995 డిసెంబరు 25న జన్మించారు. బాల్యంలో ఆమె కరాటే నేర్చుకుని బ్లాక్‌బెల్ట్ పొందారు. కూతురి శరీరంలోని వంపును, చురుకుదనాన్ని గమనించి జిమ్నాస్టిక్స్ వైపు మళ్లించినది తండ్రి. హైదరాబాదులోని లాల్‌బహదూర్ స్టేడియంలో స్వర్ణలత వద్ద ఆమె తొలి పాఠాలు నేర్చుకున్నారు. ఆపై గిరిరాజ్, బ్రిజ్ కిషోర్‌ల శిక్షణలో సాధన సాగింది. 2010లో తండ్రి మరణించారు. అప్పటికి ఆమెకు ఇంకా 15 ఏళ్లు నిండలేదు.

ఈ వివరాలను బల్గేరియా నేపథ్యంలో చదివితే తేడా స్పష్టమవుతుంది. అక్కడ ప్రతిభను గుర్తించేది వ్యవస్థ, ఇక్కడ గుర్తించినది తండ్రి చూపు. అక్కడ శిక్షకులను సమకూర్చేది క్లబ్బు, ఇక్కడ ఒక గురువు నుంచి మరో గురువు వద్దకు దారి వెతుక్కున్నది కుటుంబం. తండ్రి మరణంతో ఆగిపోదగిన క్రీడాజీవితం ఆగలేదంటే కారణం మిగిలిన కుటుంబమూ, గురువులూ, ఆమె పట్టుదలే. ఇలాంటి చోట ఒక మరణం, ఒక బదిలీ, ఒక అప్పు చాలు, పదేళ్ల సాధన చెల్లాచెదురు కావడానికి. అలా మధ్యలో ఆగిపోయినవారి పేర్లు పతకాల పట్టికలో ఉండవు గనుక వారి సంఖ్య చరిత్రకు అందదు.

అంతర్జాతీయ రంగంలో ఆమె ఎదుగుదల నిదానంగా జరిగింది. 2013 ప్రపంచ ఛాంపియన్‌షిప్, 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలు, అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఆమె పాల్గొన్నారు. 2017లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో వాల్ట్‌లో 6వ స్థానం పొందారు. ఇదే కాలంలో జాతీయ స్థాయి పాలన కూడా స్థిరంగా లేదు. సమాఖ్యలోని వర్గవిభేదాల కారణంగా 2010ల దశకంలో చాలాకాలం భారత జిమ్నాస్టిక్స్ సమాఖ్యకు కేంద్ర క్రీడామంత్రిత్వ శాఖ గుర్తింపు లేకపోయింది. రాష్ట్రం కూడా ఆమె క్రీడాజీవితం మధ్యలోనే మారింది. ఆంధ్రప్రదేశ్ క్రీడాకారిణిగా మొదలైన ఆమె 2014 జూన్ 2 తర్వాత తెలంగాణ క్రీడాకారిణి అయ్యారు.

5. మెల్‌బోర్న్ పతకం: ఒక అంచనా

భారత జిమ్నాస్టిక్స్ చరిత్రలో మెల్‌బోర్న్ కాంస్యానికి ముందు రెండు మైలురాళ్లు ఉన్నాయి. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో ఆశీష్ కుమార్ రజత, కాంస్య పతకాలు గెలిచి, అదే ఏడాది గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం సాధించారు. త్రిపురకు చెందిన దీపా కర్మాకర్ 2014లో గ్లాస్గోలో కాంస్యం గెలిచి, 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్ ఫైనల్లో 15.066 పాయింట్లతో 4వ స్థానంలో నిలిచారు. ప్రపంచ కప్ వేదిక మీద మాత్రం అరుణకు ముందు భారత జిమ్నాస్టులెవరూ పతకం అందుకోలేదు.

ఈ పతకాన్ని తక్కువచేయకుండానే దాని పరిధిని గుర్తించడం అవసరం. జిమ్నాస్టిక్స్‌లో ప్రపంచ కప్ అంటే ఏడాది పొడవునా పలు నగరాల్లో జరిగే పోటీల శ్రేణి. ప్రతి పోటీకీ అగ్రశ్రేణి దేశాలన్నీ పూర్తి బలంతో రావు. ఒలింపిక్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లతో దాన్ని సమానంగా చూడలేం. అదే 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో అరుణ వాల్ట్ ఫైనల్‌కు చేరి 7వ స్థానంలో నిలిచారు. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన ఉంచితేనే ఆమె అసలు స్థాయి తెలుస్తుంది: ఆసియా ఫైనలిస్టుల వరుసలో నిలకడగా ఉంటూ, అవకాశం దొరికిన రోజున దాన్ని చేజార్చుకోని క్రీడాకారిణి ఆమె.

వేర్వేరు కాలాల మార్కులను పోల్చే అలవాటు కూడా పొరపాటుకు దారితీస్తుంది. పనోవా పొందిన 10, అరుణ పొందిన 13.649 ఒకే కొలమానం మీదివి కావు. ఆర్టిస్టిక్ జిమ్నాస్టిక్స్‌లో 2006 నుంచి విన్యాస కాఠిన్యానికి ఒక మార్కు, నిర్వహణకు మరో మార్కు ఇచ్చి రెండింటినీ కలుపుతున్నారు. కాఠిన్యపు మార్కుకు పైహద్దు లేదు. అందువల్ల కఠిన విన్యాసాలకు దిగకుండా పతకం ఆశించడం సాధ్యం కాదు. కఠిన విన్యాసాలు నేర్వాలంటే పడినా దెబ్బ తగలని నురుగు గుంతలు, స్ప్రింగు నేల, నాణ్యమైన వాల్ట్ బల్ల కావాలి. ప్రతిభకూ మార్కుకూ మధ్య పరికరం నిలబడి ఉంటుంది.

పతకం గెలిచేనాటికి అరుణ వయసు 22 ఏళ్లు. 1976 మాంట్రియల్‌లో నాదియా కొమనేచి 14 ఏళ్లకే ఒలింపిక్ విజేత కావడంతో మహిళా జిమ్నాస్టిక్స్ అంటే బాలికల క్రీడ అన్న అభిప్రాయం బలపడింది. 1997 నుంచి సీనియర్ పోటీలకు కనీస వయసును 16 ఏళ్లుగా నిర్ణయించడంతో ఆ పరిస్థితి కొంత మారింది. ఆరంభం ఆలస్యం కాకూడదు గానీ ఫలితం ఆలస్యంగా రావచ్చునని అరుణ ప్రస్థానం రుజువు చేస్తుంది. 2019లో మోకాలి గాయం, శస్త్రచికిత్స ఆమెను పోటీలకు దూరం చేశాయి. 2021 డిసెంబరులో కైరోలో జరిగిన ఫారోస్ కప్‌లో వాల్ట్, ఫ్లోర్ విభాగాల్లో రెండు స్వర్ణాలతో ఆమె తిరిగి వచ్చారు.

రిథమిక్ విభాగంలో కూడా హైదరాబాదు పేరు వినిపించింది. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో భారత్‌కు ప్రాతినిధ్యం వహించినది ఈ నగరానికి చెందిన గుండ్లపల్లి మేఘనారెడ్డి. ఒకే ఏడాదిలో రెండు విభాగాల్లోనూ హైదరాబాదు అమ్మాయిలు అంతర్జాతీయ వేదిక మీద నిలవడం విశేషం. అయితే ఇద్దరూ రాజధాని నగరవాసులే కావడం కూడా గమనించాలి.

6. తెలంగాణ క్రీడాసంస్థలు: ప్రవేశ వయసు

రాజ్యం ఇక్కడ పూర్తిగా చేతులు ముడుచుకుని కూర్చుందనడం న్యాయం కాదు. హైదరాబాదు శివారులోని హకీంపేటలో 1993లో క్రీడా పాఠశాల ఏర్పడింది. 2002 జాతీయ క్రీడల సందర్భంగా గచ్చిబౌలిలో స్టేడియాలు లేచాయి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కడం ప్రభుత్వ విద్యాసంస్థ పేదింటి బాలికకు ఏం చేయగలదో చూపింది. నిజామాబాదుకు చెందిన నిఖత్ జరీన్ కౌమారంలో బాక్సింగ్ మొదలుపెట్టి, 2009లో విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో చేరి, 2022లో ప్రపంచ విజేత అయ్యారు. అంటే చిన్న పట్టణం నుంచి, పల్లె నుంచి ప్రపంచస్థాయికి దారి ఉంది.

అయితే ఆ దారి అన్ని క్రీడలకూ ఒకే రకంగా తెరుచుకోదు. క్రీడా పాఠశాలలో ప్రవేశం 4వ తరగతి నుంచి, గురుకులంలో 5వ తరగతి నుంచి ఉంటుంది. అప్పటికి బిడ్డకు తొమ్మిది, పదేళ్లు. బాక్సింగ్‌కు, పరుగుకు, పర్వతారోహణకు అది సరైన సమయం. జిమ్నాస్టిక్స్‌కు మాత్రం అప్పటికే నాలుగేళ్లు గడిచిపోయి ఉంటాయి. కీళ్ల వంపు, గాలిలో తన శరీరం ఎక్కడుందో తెలుసుకునే స్పృహ, పడతానన్న భయాన్ని జయించడం అలవడేది ఐదు నుంచి తొమ్మిదేళ్ల మధ్యే. దీపా కర్మాకర్ మొదలుపెట్టినదీ ఆరేళ్లకే. ఆ వయసులో బిడ్డను తల్లిదండ్రులకు దూరంగా వసతిగృహంలో ఉంచడం మానవీయం కాదు. కనుక ఇంటికి నడిచివెళ్లే దూరంలో శిక్షణ కేంద్రం ఉండాలి. అలాంటి కేంద్రం లేని చోట పూచీ మొత్తం కుటుంబం మీద పడుతుంది. రాజధానికి దూరంగా ఉన్న కుటుంబం ఎంత కోరుకున్నా ఆ పూచీని మోయలేదు. జిమ్నాస్టిక్స్ నగరాల క్రీడగా మిగిలిపోవడానికి పిల్లల్లో ప్రతిభ లోపించడం కారణం కాదు. ప్రతిభ మొలకెత్తే వయసుకూ, సంస్థ తలుపు తెరిచే వయసుకూ మధ్య ఉన్న ఖాళీయే అసలు కారణం.

7. బొగ్గుబాయిల ప్రాంతం: ఒక సాధ్యత

ఈ నిర్ధారణను పరీక్షించడానికి పెద్దపల్లి జిల్లా తగిన ప్రాంతం. 2016 అక్టోబరు 11న కరీంనగర్ నుంచి విడివడి ఏర్పడిన ఈ జిల్లాలో రామగుండం, గోదావరిఖని ప్రాంతాలు బొగ్గు, విద్యుత్తు పరిశ్రమల చుట్టూ పెరిగాయి. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు పరిసరాల్లో బొగ్గును గుర్తించగా, 1889లో ఉత్పత్తి మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని తన అధీనంలోకి తెచ్చుకుంది. నేడు అందులో తెలంగాణ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. బల్గేరియాలో సోఫియా సమీపంలోని పెర్నిక్ పట్టణంలో ప్రభుత్వ బొగ్గుగని 1891లో మొదలైంది. ఆ పట్టణపు ఫుట్‌బాల్ క్లబ్బు పేరు 'మినియోర్', అంటే గనికార్మికుడు. గని, రాజ్యం, క్రీడ ఒకే పట్టణంలో కలిసి ఉండడం రెండు చోట్లా కనిపించే లక్షణమే.

బొగ్గుబాయిల ప్రాంతపు జీవనవిధానంలో ఇక్కడి చర్చకు అవసరమైన ఒక ప్రత్యేకత ఉంది. కార్మికుల క్వార్టర్లు, కంపెనీ బడి, ఆసుపత్రి, ఆటస్థలం ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. సింగరేణి కాలరీస్ ఎడ్యుకేషనల్ సొసైటీ పాఠశాలలు నడుపుతోంది. ఉద్యోగుల ఆటల కోసం వర్క్ పీపుల్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ ఉంది. అంటే ఆరేళ్ల బిడ్డ ఇంటి గడప దాటి, నడిచివెళ్లే దూరంలో శిక్షణ పొందడానికి కావలసిన భౌగోళిక అమరిక ఈ కాలనీల్లో ఇప్పటికే ఉంది. హైదరాబాదు శివార్లలోని కుటుంబానికి కూడా అంత తేలికగా దొరకని సౌకర్యమిది.

అయితే ఈ అమరికలో క్రీడ ప్రధానంగా షిఫ్టు ముగించుకుని వచ్చిన కార్మికుడి కోసం రూపొందింది. అది పెద్దల ఆరోగ్యానికి, ఐకమత్యానికి ఉద్దేశించినది. ఆ ప్రయోజనం గొప్పదే. ఇక్కడి శ్రమచరిత్ర కూడా పురుషుడి చుట్టూనే తిరిగింది. 1952 గనుల చట్టంలోని 46వ సెక్షన్ స్త్రీలు భూగర్భ గనుల్లో పనిచేయడాన్ని నిషేధించింది. 2019లోగానీ ఆ నిషేధానికి షరతులతో సడలింపు రాలేదు. స్త్రీ శరీరబలానికి వృత్తిలో చోటులేని చోట, బాలిక శరీర నైపుణ్యానికి క్రీడలో చోటు వెతకాలన్న ఆలోచన ఆలస్యంగా రావడంలో ఆశ్చర్యం లేదు.

చట్టపరమైన అవకాశం మాత్రం ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత పరిమితులకు లోబడిన సంస్థలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ చట్టం 7వ షెడ్యూలులో గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు పొందిన క్రీడలు, ఒలింపిక్ క్రీడల శిక్షణ స్పష్టంగా చేరి ఉంది. బాల్యశిక్షణకు పూచీ వహించగల సంస్థ, స్థలం, నిధి, చట్టం ఒకేచోట కలిసిన ప్రాంతాలు తెలంగాణలో ఎక్కువ లేవు. ఏటా వేసవి సెలవుల్లో నిర్వహించే శిబిరాలు పిల్లలకు ఆటల రుచి చూపగలవు గానీ జిమ్నాస్టును తయారుచేయలేవు. దానికి ఏడాది పొడవునా, ఒకే శిక్షకురాలి పర్యవేక్షణలో, పదేళ్లపాటు సాగే క్రమం అవసరం.

8. ముగింపు

పై పరిశీలన మూడు విషయాలను తేటపరుస్తుంది. ఒకటి, జిమ్నాస్ట్ జీవితంలో నిర్ణాయకమైన కాలం ఐదు నుంచి తొమ్మిదేళ్ల మధ్య ఉంటుంది. ఆ కాలానికి పూచీ వహించినవారే ఆ జీవితానికి తొలి నిర్మాతలు. దొమ్మరుల్లో కులవృత్తి, బల్గేరియాలో రాజ్యం, అరుణారెడ్డి విషయంలో కుటుంబం ఆ పని చేశాయి. రెండు, ఒక్కో పూచీకి ఒక్కో మూల్యం ఉంది. దొమ్మరుల నైపుణ్యాన్ని సమాజం నిందగా మార్చింది. బల్గేరియా రాజ్యం విజయాన్ని ఇచ్చి బిడ్డ స్వేచ్ఛ మీద పెత్తనం తీసుకుంది. కుటుంబం ప్రేమతో మోసిన భారం ఒక్క మరణంతో కూలిపోయే ప్రమాదంలో నిలిచింది. మూడు, తెలంగాణలోని ప్రభుత్వ క్రీడాసంస్థలు ఆలస్యంగా తలుపు తెరవడం వల్ల ఈ క్రీడ రాజధానికే పరిమితమవుతోంది.

మెల్‌బోర్న్ కాంస్యాన్ని తెలంగాణ విజయమని చెప్పుకోవడంలో తప్పులేదు. కానీ ఆ విజయంలో రాష్ట్రానికి దక్కిన గౌరవం ఎంత, రాష్ట్రం పెట్టిన మదుపు ఎంత అన్న లెక్క ఇంకా మిగిలే ఉంది. గోదావరిఖని కార్మికుల కాలనీలో పుట్టిన బాలికకు అరుణారెడ్డి కుటుంబం వంటి కుటుంబం ఉండవచ్చు. ఆ కుటుంబానికి లాల్‌బహదూర్ స్టేడియం మాత్రం పక్క వీధిలో ఉండదు. బాలికల శిక్షణను ఇంటికి దగ్గరగా, ఆరేళ్ల వయసులోనే, వారి ఆరోగ్యానికీ చదువుకూ భంగం కలగని రీతిలో మొదలుపెట్టగలిగితే బల్గేరియా సాధించినదాన్ని స్వీకరిస్తూ, అది చెల్లించిన మూల్యాన్ని తప్పించుకునే వీలుంది. అలాంటి మదుపు ఫలితం పదేళ్ల తర్వాత గాని కనిపించదని పెత్రోవా ప్రస్థానం చెబుతోంది. ఆ పదేళ్లకు ముందుగా పూచీ పడే సంస్థ ఏదన్నదే పెద్దపల్లి వంటి జిల్లాల ముందున్న ప్రశ్న.